బురదనీళ్ల పరీక్ష

పోలీసు యాక్షన్ జరిగిన మరుసటేడు వానాకాలంలో ఓవర్సీరు గోపయ్య సూర్యాపేట నీళ్ల కార్ఖానాకు వచ్చాడు. వచ్చిన రోజే ఆండాళుతో తగాదా పెట్టుకున్నాడు. ఆమె ఇంటి గోడకు సున్నంతో గుర్తు పెట్టడమే అతను చేసిన నేరం.

"మా గోడకు బొట్టెందుకు పెడ్తున్నరు?" చీపురు దించకుండానే అడిగింది ఆండాళు.

"ఇక్కడ ఇంకో ఇసుక తొట్టి కట్టాలేమోనండి. ఊరు పెరిగింది. ఉన్న తొట్టి వడకట్టే నీళ్లు చాలడం లేదు."

"మరి మేమేడికి పోవాలె?"

"మీ నాన్నగారిని మిర్యాలగూడకు బదిలీ చేస్తారట."

తండ్రి కాటయ్య ఆ తొట్టికి మేస్త్రీ, ఇల్లు కార్ఖానా ఇచ్చింది. ఆండాళు పుట్టింది ఆ ఇంట్లోనే. ఆమె కళ్లలో నీళ్లు చూశాక, సున్నమంటిన చేతిని ఎక్కడ దాచుకోవాలో గోపయ్యకు తెలియలేదు.

"ఇంకో దారి కూడా ఉంది లెండి," అన్నాడు గబగబా. "ఏటి నీళ్లను ముందు హౌజులో నిలవబెడితే బురద అడుగుకు దిగుతుంది. తేటనీళ్లు తొట్టిలోకి వదిలితే ఇసుక పూడుకుపోదు, ఉన్న తొట్టే ఎక్కువ నీళ్లిస్తుంది. హౌజు ఏటి పక్కన కట్టొచ్చు. కాకపోతే ఆ బురద తనంతట తాను దిగుతుందో లేదో చూడాలి. ఏటి నీళ్లు పోసి చూడటానికి కడిగిన కుండలు ఇస్తారా?"

ఆండాళు ఇచ్చింది. మర్నాటికి నీళ్లు అడుగు కనిపించేంత తేటపడ్డాయి. రోజూ ఆమె కుండలు కడిగి ఇచ్చేది, రోజూ నీళ్లు తేటపడేవి. గోపయ్య సంబరం ఇంతా అంతా కాదు. ఆండాళు ఎక్కడికీ పోదు. కుండలు చూసే నెపంతో వచ్చి అతను ఆమెనే చూసేవాడు. కాటయ్యకు అప్పుడే దగ్గు వచ్చేది.

హైదరాబాదు నుంచి ఇంజనీరు సాబ్ వచ్చే రోజు ఉదయం, ఆండాళు కడిగిన కుండ లోపల ఏదో అరగదీస్తూ కనిపించింది.

"ఏమిటది?"

"చిల్లగింజ."

"రోజూ రాస్తున్నావా?"

"రాయకుంట ఏ ఇంట్లనన్న కుండల నీళ్లు పోస్తరా? మీ కోదాడల పోస్తరా ఏంది?"

"మాది బావి నీళ్లు," అంటూ గోపయ్య అరుగు మీద కూలబడ్డాడు. "బురదను దించింది గింజ, ఆండాళూ. నీళ్లు వాటంతట అవి తేరుకోలేదు."

ఆండాళు చేయి ఆగిపోయింది. "సాబుకు జెప్పకుంటే?"

"ఇల్లు మిగులుతుంది. తొట్టి పూడుకుపోతుంది, ఊరికి నీళ్లుండవు."

ఆమె సున్నపు గుర్తు వైపు చూసింది. "అయితే జెప్పున్రి," అంది మెల్లగా.

గోపయ్యకు ఆమె మీదున్న ఇష్టం ఆ క్షణాన రెట్టింపయింది, ఆమె దూరమవుతుందన్న భయం కూడా. సాబ్ రాగానే ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

సాబ్ గింజను అటూ ఇటూ తిప్పి చూశారు. "హౌజంతటికీ ఈ గింజ ఎవరు అరగదీస్తారయ్యా, నువ్వా?"

"పటిక వేద్దామండి. అదీ బురదను ఇలాగే దించుతుంది కదా. ఒక్కసారి చూడనివ్వండి."

"చూడు. ఈసారి కుండలు మాత్రం నువ్వే కడుగు."

గోపయ్య కొంగు దోపినట్టు పంచె ఎగగట్టి కుండలు తోముతుంటే ఆండాళు నవ్వు ఆపుకోలేక లోపలికి పారిపోయింది. పటిక వేసిన నీళ్లు మర్నాటి దాకా ఆగకుండానే తేరుకున్నాయి. సాబ్ హౌజుకే ఒప్పుకున్నారు. గోపయ్య తడిగుడ్డతో గోడ మీది సున్నం తనే తుడిచాడు.

కోదాడ బస్సుకు వేళయింది. గోపయ్య కదలడం లేదు.

"గుప్పెడు చిల్లగింజలు ఇస్తావా? అమ్మకు చూపిస్తా."

"బావి నీళ్లకు గింజలెందుకు?"

"అమ్మ కూడా అదే అడుగుతుంది. అప్పుడు నీ పేరు చెప్తా."

ఆండాళు తల వంచుకుని గింజలు అతని దోసిట్లో పోసింది. ఇంట్లో నుంచి దగ్గు వినిపించింది, వెనకే కాటయ్య గొంతు.

"పేరు జెప్తే ఏమొస్తది ఓవర్సీరు సాబ్? అమ్మనే తోలుకరా. పిల్లను సూసుకొని పోతది."