కదలని ముప్పై ఎనిమిది

రామాయంపేట బస్టాండ్‌లో చాయ్ తాగుతూ వెంకట్రాములు పక్కకు ఒరిగిపోయాడు. గుండెపోటన్నారు. పోస్ట్‌మార్టంలో విషమని తేలింది.

అతను మెదక్ దగ్గరి హల్దీ పవర్ కంపెనీలో పెర్ఫార్మెన్స్ ఇంజనీరు. ప్లాంట్ ఎంత కరెంటు తీస్తోంది, దానికి ఎంత బొగ్గు కాలుస్తోంది, టర్బైన్ ఎంత అదురుతోంది, ఇవన్నీ రోజూ కొలవడం అతని పని. చనిపోవడానికి ముందురోజు హైదరాబాద్‌లోని ఇంటెలిజెన్స్ ఆఫీసుకు ఫోన్ చేశాడు.

"టర్బైన్ రీడింగులు గింత మంచిగ ఎన్నడు ఉండయ్ సార్. ఎవలో మారుస్తున్నరు."

అక్కడి చీఫ్, తన ఏజెంట్ పెర్సిస్‌ను పిలిపించాడు. బ్రీఫింగ్ మూడు నిమిషాల్లో ముగిసింది. శనివారం పదకొండు గంటలకు ఫుల్ లోడ్ టెస్ట్, అంటే యూనిట్‌ను పూర్తిగా ఐదు వందల మెగావాట్లకు ఎక్కించి చూడటం. కంపెనీ పనితీరుకు మార్కులు వేసేది అప్పుడే. టర్బైన్ హాల్లో అరవై మంది అతిథులు ఉంటారు. 'ఆర్కిడ్' అనే విదేశీ ముఠా కన్ను దానిపై పడింది. ఆ ముఠాలో మన మనిషి దేవిక, కన్సల్టెంట్ వేషంలో ప్లాంట్‌లోనే ఉంది.

"ఆమెను నమ్మొచ్చా సార్?"

"ఇప్పటిదాకా నమ్మాం," అన్నాడు చీఫ్.

పెర్సిస్ ఆడిటర్‌గా మెదక్‌లో దిగింది. చర్చి శిఖరం కనిపించే లాడ్జి మెట్ల మీద పట్టుచీరలో ఒక అందగత్తె ఎదురైంది.

"చర్చికి ఏ బస్సు పోతది?" పెర్సిస్ అడిగింది.

"నడిచే పొండ్రి." కోడ్ సరిపోయింది. ఆమే దేవిక.

ముఠా బాంబు పెట్టిందని, అది కరెంటు బయటికి పోయే స్విచ్‌యార్డ్‌లో, పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉందని దేవిక చెప్పింది. టర్బైన్ ఊసే ఎత్తలేదు. వెంకట్రాములు ఫోన్ సంగతి పెర్సిస్ కూడా చెప్పలేదు.

శనివారం పెర్సిస్ బాంబు స్క్వాడ్‌ను స్విచ్‌యార్డ్‌కు పంపి, తాను టర్బైన్ హాల్‌కు వెళ్లింది. అతిథులు కుర్చీల్లో సర్దుకుంటున్నారు. హాలు ఊడ్చే వజ్రమ్మ మాత్రం దూరంగా, గోడకు ఆనుకుని నిలబడింది. దగ్గరికి రమ్మంటే తల అడ్డంగా ఊపింది.

"పది దినాల సంది నేల అదురుతుంది మేడం. బకెట్ల నీళ్లు సుత వణుకుతున్నయ్. చెప్తే నవ్విండ్రు."

పెర్సిస్ కంట్రోల్ రూమ్‌కు పరుగెత్తింది. లోడ్ మూడు వందల నుంచి నాలుగు వందల యాభై మెగావాట్లకు ఎక్కింది. స్క్రీన్ మీద వైబ్రేషన్ మాత్రం ముప్పై ఎనిమిది మైక్రాన్లు. అంకె కదలడం లేదు. తిరుగుతున్న యంత్రం అలా ఉండదు. కిటికీలోంచి చూస్తే, అతిథుల మధ్య ఉండాల్సిన దేవిక కారెక్కుతోంది. గేటు మూయమని పెర్సిస్ ఫోన్‌లో చెప్పింది.

యూనిట్ ఆపమంది పెర్సిస్. షిఫ్ట్ ఇంజనీరు అబ్దుల్ ఖదీర్ ఒప్పుకోలేదు.

"ఆపితే టెస్ట్ పోతది మేడం. రీడింగ్ మంచిగనే ఉంది కదా."

వాదించే టైమ్ లేదు. ఆమె మళ్లీ హాల్లోకి దిగి, పెన్నులా కనిపించే వైబ్రేషన్ మీటర్‌ను టర్బైన్ బేరింగ్‌కు ఆనించింది. రెండు వందల పది. చూస్తుండగానే రెండు వందల నలభై. లోపల ఇనుము పళ్లు కొరుకుతున్నట్టు చప్పుడు. ముందు వరుసలో ఒక ముసలాయన చెవులు మూసుకున్నాడు. లోడ్ బోర్డు మీద 497.

టర్బైన్ ముందున్న, యంత్రాన్ని వెంటనే ఆపే ఎమర్జెన్సీ ట్రిప్ లివర్‌ను రెండు చేతులా లాగింది.

హాలంతా ఒక్కసారి ఊగింది. తర్వాత హోరు మెల్లగా సన్నబడింది. పెర్సిస్ చేతులు మాత్రం చాలాసేపు లివర్‌ను వదల్లేదు.

టర్బైన్ విప్పి చూస్తే ఒక బ్లేడు మొదలు దగ్గర సగానికి పైగా చీలి ఉంది. ఇంకో నిమిషం తిరిగి ఉంటే ఆ బ్లేడు తెగి కుర్చీల మీదికి వచ్చేది. సెన్సర్ కేబుల్‌కు అగ్గిపెట్టెంత పెట్టె తగిలించి ఉంది. ముప్పై ఎనిమిది పంపుతున్నది అదే. స్విచ్‌యార్డ్‌లో బాంబే లేదు.

దేవికను శనివారమే గేటు దగ్గర పట్టుకున్నారు. ఆమె తొణక్కుండా కారు దిగింది. "ఇదొక్క ప్లాంటే అనుకున్నారా?" అని మాత్రం అడిగింది.

ఆపరేషన్ రహస్యం కాబట్టి జరిగింది ఎవరూ రికార్డుల్లో రాయలేదు. ఆ నెల హల్దీ పవర్ పనితీరుకు నూటికి నలభై ఒక్క మార్కులు వచ్చాయి. కింద రిమార్కు: 'బాగా నడుస్తున్న యంత్రాన్ని సిబ్బంది అకారణంగా ఆపారు.'