అతుక్కున్న చిప్పు

ఇకెజాలోని కంప్యూటర్ల బజారులో ఒబియేలు కొట్టు షట్టర్ పట్టపగలే దిగింది. లోపల అతని దగ్గర పని నేర్చుకునే కెనెచి, బయట "దొంగ" అని అరుస్తున్న జనం. ఆ బజారులో ఆ పేరు పడ్డవాడు ఒళ్లు హూనం కాకుండా ఇల్లు చేరడం అరుదు. కెనెచి ఏడేళ్లు ఊడిగం చేశాడు. బజారు ఆనవాయితీ ప్రకారం వచ్చే నెల అతనికి ఓగా, అంటే పని నేర్పిన యజమాని ఒబియేలు, సొంత కొట్టు పెట్టించాలి. దొంగకైతే ఏమీ పెట్టించనక్కర్లేదు.

షట్టర్ కాస్త లేచింది. పెళ్లి వీడియోలు చేసే తోలాని, ఆమె పిలిపించిన డిటెక్టివ్ ఎఫియోంగ్, ఆయన్ని కళ్లప్పగించి చూసే సహాయకుడు బాసే వంగి లోపలికి వచ్చారు. ఒబియేలు వెంటనే షట్టర్ దించేశాడు.

తోలాని గోడు చిన్నదే. లాప్‌టాప్ నత్తనడక నడుస్తోంది, గ్రాఫిక్స్ కార్డు మార్చి పెద్దది వెయ్యడం కుదురుతుందా అని అడిగింది. దివ్యంగా కుదురుతుందన్నాడు ఒబియేలు. తీరా ఇంటికి తీసుకెళ్తే అదే నత్త. నిలదీస్తే, కొత్త కార్డు తాను బిగించాడట, కెనెచి దాన్ని ఊడబెరికి అమ్ముకున్నాడట.

"నువ్వు తీశావా?" అని ఎఫియోంగ్ అడిగాడు.

"లేదు సార్," అన్నాడు కెనెచి, ఓగా వైపు చూస్తూ. ఇంకో మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. చెబితే ఓగా పరువు పోతుంది, చెప్పకపోతే తన బతుకు పోతుంది.

ఎఫియోంగ్ లాప్‌టాప్ అడుగు విప్పి చాలాసేపు చూసి, అందరినీ బల్ల చుట్టూ పిలిచాడు.

"మీ చేత్తోనే బిగించానన్నారు కదా ఓగా. ఎక్కడో చూపించండి."

ఒబియేలు వేలు అటూ ఇటూ తిరిగి ఒకచోట ఆగింది.

"అది మెమరీ పెట్టే చోటు. ఇందులో గ్రాఫిక్స్ చిప్పు బోర్డుకే అతికి ఉంది. మార్చే వీలే లేదు. మీరు పెట్టనిదాన్ని ఇతను ఎలా తీస్తాడు? మేడమ్ ఫిర్యాదు, ఇతనికి పెట్టించాల్సిన కొట్టు, రెండూ ఒక్క అబద్ధంతో వదిలించుకుందామనుకున్నారు."

ఒబియేలు స్టూలు మీద కూలబడ్డాడు.

"నీకు ముందే తెలుసు కదూ?" అని ఎఫియోంగ్ కెనెచిని అడిగాడు.

"తెలుసు సార్. సొంత ఓగానే అబద్ధాలకోరన్నవాణ్ణి ఈ బజార్లో ఎవరు దగ్గరికి రానిస్తారు?"

కొట్టు సంగతి బజారు పెద్దల ముందు తేలుద్దామన్నాడు ఎఫియోంగ్. బాసే షట్టర్ ఎత్తి, జరిగింది జనానికి మురిసిపోతూ చెప్పాడు. వెలుతురు లోపలికి వచ్చింది. కెనెచి లాప్‌టాప్ అడుగు మళ్లీ బిగించసాగాడు.

తోలాని అతని దగ్గరికి వచ్చింది. "నువ్వు చెప్పు బాబూ. దీనికి కార్డు మార్చొచ్చా?"

కెనెచి అలవాటుకొద్దీ ఓగా వైపు చూశాడు. తర్వాత ఆమె వైపు తిరిగాడు.

"కుదరదు మేడమ్. వేరే లాప్‌టాప్ కొనుక్కోవాల్సిందే."

"అయితే నువ్వే చూసిపెట్టు."

ఏడేళ్లలో ఒక బేరం అతన్ని వెతుక్కుంటూ రావడం అదే మొదలు.