ఒకే మనిషికి రెండు పేజీలు

స్కూటర్ బ్రేకు వైరు దానంతటది తెగలేదు. ఎవరో కోశారు.

ఆ ముక్క నిఘా శాఖ పెద్దాయన టేబుల్ మీద తెల్ల కాగితంలో ఉంది. జెముడు దాన్ని వేలితో దొర్లించి చూశాడు. అరిగి తెగిన వైరుకి పోగులు చెదిరి ఉంటాయి. దీని పోగులన్నీ ఒకే ఎత్తులో, కత్తిరించిన మీసంలా ఉన్నాయి.

“కట్టర్,” అన్నాడు.

డిపార్ట్‌మెంట్‌లో అతని అసలు పేరు ఎవరికీ తెలియదు. కాస్త నీళ్ళు దొరికినా చాలు, ఎక్కడ నాటినా బతుకుతాడని జెముడు అన్నారు. అతను కాదనలేదు. మాట్లాడితే కదా కాదనడానికి.

“మనిషి బతికాడు. దవడ విరిగింది, మాట్లాడలేడు,” అన్నాడు పెద్దాయన. “కాగితం మీద రెండు ముక్కలు రాసిచ్చాడు. ‘లోపలి మనిషే’ అని. అతను దివిటీ కంపెనీలో టెస్టింగ్ మేనేజర్.”

పెద్దాయన ఆఫీసు ఒక కళ్ళద్దాల షాపు పైన ఉంటుంది. కింద కౌంటర్లో “దగ్గర చూపు బాగుంది, దూరమే తేడా” అని చెబితేనే మెట్ల తలుపు తీస్తారు. లోపల ఫ్యాను ఒక్కటే మాట్లాడుతోంది.

“బ్రీఫింగ్ విను,” అన్నాడు పెద్దాయన. “ఈ దేశంలో జనం నెట్‌లో వందసార్లు ఏదన్నా వెతికితే తొంభై నాలుగుసార్లు విదేశీ కంపెనీ ఒకదాంట్లోనే వెతుకుతారు. మన ఫైళ్ళలో దాని పేరు పెద్దిల్లు. మిగిలిన ఆరులో నాలుగు దివిటీవి. ఒక అక్కా తమ్ముడూ కలిసి పెట్టిన సెర్చ్ ఇంజన్. ఇవాళ మూడు గంటలకి పోటీ కమిషన్ ముందు పరీక్ష. వంద ప్రశ్నలు. పేర్లు కనపడకుండా రెండు స్క్రీన్లు. ఏది బాగా జవాబిచ్చిందో పదిమంది జడ్జీలు చెబుతారు. దివిటీ నలభై అయిదు గెలిస్తే చాలు, ఇకమీద ప్రతి కొత్త ఫోనూ ‘ఏ సెర్చ్ కావాలి’ అని మనిషిని అడిగి తీరాలి. గెలవకపోతే ఫోన్ కంపెనీలకీ పెద్దిల్లుకీ పదేళ్ళ ఒప్పందం. దివిటీ మూత.”

“లోపల ఏం జరుగుతోంది?”

“రెండు రిహార్సల్స్ చేశారు. రెండుసార్లూ సరిగ్గా మొదలయ్యే నిమిషానికి దివిటీ జవాబులు పీలగా అయిపోయాయి. మంచి పేజీలన్నీ మాయం. అరగంటకి వాటంతటవే తిరిగొచ్చాయి. ఎలాగో కనిపెడతానన్నవాడు పది రోజులుగా ఆస్పత్రిలో ఉన్నాడు. అతని బదులు నువ్వు వెళ్తున్నావు. నీ మారుపేరు వాళ్ళకి నిన్న సాయంత్రం పంపాం.”

పెద్దాయన రెండు కాగితాలు పక్కపక్కన పెట్టాడు. రెంటిలోనూ అదే మారుపేరు, అదే ఫొటో. ఒకదాంట్లో అతను పన్నెండేళ్ళు తేనెటీగలు పెంచినవాడు. రెండోదాంట్లో పన్నెండేళ్ళు భూములు కొలిచిన సర్వేయరు.

“వారం కిందట ఆ మారుపేరున వెబ్ పేజీ పెట్టాం. పెద్దిల్లు నుంచి వచ్చి చూస్తే తేనెటీగలు కనిపిస్తాయి. దివిటీ నుంచి వస్తే సర్వే. కొత్తవాడు వస్తున్నాడంటే ఎవరైనా ముందు ఏం చేస్తారు? పేరు కొట్టి వెతుకుతారు. దివిటీ ఆఫీసులో పెద్దిల్లుని ముట్టుకుంటే ఉద్యోగం పోతుంది. కాబట్టి నీ దగ్గర తేనెటీగల ఊసు ఎత్తినవాడు...”

“దొంగ.”

“ఒక్క మనిషిని మాత్రం అనుమానించకు. లాయరమ్మ మనది. పెద్దిల్లు ఆమెని తన గూఢచారే అనుకుని దివిటీలో పెట్టింది. రెండేళ్ళుగా వాళ్ళ గుట్టంతా ఆమె మనకే అందిస్తోంది. ఇంకొక ద్రోహి ఉన్నాడని చెప్పిందీ ఆమే.”

జెముడు చొక్కా గుండీలో కెమెరా, మైకు, చెవిలో గింజంత ఇయర్‌ఫోన్ పెట్టించుకున్నాడు. అనుమానించకు అని పెద్దాయన గట్టిగా చెప్పిన చోట అతని మనసు కాస్త ఆగింది. తర్వాత కదిలింది.

*

దివిటీ ఆఫీసు ఒకే అంతస్తు. గోడలు సగం ప్లైవుడ్. లిఫ్ట్ ఎదురుగా బోర్డు: “ఇక్కడ మనది మనమే వాడతాం.” దాని కింద కౌంటర్లో, అందరూ పిన్నీ అని పిలిచే పెద్దావిడ కూర్చుని ఉంది.

“రా బాబూ, కొత్త టెస్టింగాయనవి నువ్వేనా? సంతకం పెట్టు,” అని రిజిస్టర్ తోసింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. “ఒక్క మాట. తేనెటీగ కుడితే మోకాళ్ళ నొప్పి పోతుందంటారు, నిజమేనా?”

జెముడు పెన్ను ఆగిపోయింది.

“ఎవరన్నారు?”

“ఎవరో అన్నార్లే. రెండు ఈగలు సీసాలో తెచ్చిపెడితే నీకు పుణ్యముంటుంది.”

డిపార్ట్‌మెంట్ వల ఇంత తేలిగ్గా నిండుతుందని అతను అనుకోలేదు. పిన్ని మోకాళ్ళకి కట్టుకున్న ఉన్ని పట్టీలు చూశాడు. బ్రేకు వైరు కోయాలంటే స్కూటర్ పక్కన గొంతుక్కూర్చోవాలి. ఆ మోకాళ్ళు ఒప్పుకోవు.

సర్వర్ రూములో తమ్ముడు ఉన్నాడు. ఓనరు తమ్ముడే గాని ఆఫీసుకంతటికీ తమ్ముడే. ముప్పై ఏళ్ళుంటాయి. చలికి చెవులు మూసేలా టోపీ, బల్ల మీద స్క్రూడ్రైవర్లు, శ్రావణం, వైర్ కట్టర్. జెముడు కట్టర్ అంచు చూశాడు. తమ్ముడు అతను చూడటం చూశాడు.

“ఏంటి సార్, అలా చూస్తున్నారు? కరవదులెండి. తేనెటీగలతో తిరిగినోళ్ళు మీరు, దీనికి భయపడతారా?”

రెండు.

“ఎక్కడ చదివావు?”

తమ్ముడి మొహం మాడిపోయింది. “అంటే... ఎవరో... నాకు ర్యాక్ మూడులో పనుంది సార్.” పెట్టెల వెనక్కి వెళ్ళిపోయాడు. అక్కడ ర్యాకులు రెండే ఉన్నాయి.

ఒంటిగంటకి అతని అక్క, ఇంజనీరమ్మ, తన గదిలోకి పిలిచింది. కళ్ళ కింద నల్లటి చారలు. గది మూలన చాప చుట్టి ఉంది, దాని మీద దిండు.

“ఆరేళ్ళండీ. పెళ్ళీ పేరంటం లేకుండా దీన్ని పెంచాను. ఇవాళ పోతే నలభైమందికి నేనే చెప్పాలి, ఇంటికి పొండర్రా అని. మిమ్మల్ని పంపిన ఏజెన్సీ మంచిదే అన్నారు. కానీ మనసొప్పక అడుగుతున్నా. తేనెటీగలు పెంచుకునేవారు టెస్టింగ్‌లోకి ఎలా వచ్చారు?”

మూడు.

సొంత కంపెనీని సొంతదారే అమ్ముకుంటోందా? లోకంలో జరగనిదేం కాదు. “ఈగలు పోయాయి. నేనొచ్చాను,” అని బయటికొచ్చాడు.

వరండా చివర హైహీల్స్ చప్పుడు. వంకాయరంగు కోటు, ఎక్కువా తక్కువా కాని సెంటు, చేతిలో ఎర్ర లెదర్ ఫైలు. లాయరమ్మ నడిచొస్తుంటే క్యూబికల్స్‌లో తలలు ఒక్కొక్కటే లేచాయి.

“దూరం చూపు ఎలా ఉంది?” అంది మెల్లగా. అది కోడ్.

“దగ్గరది బాగానే ఉంది.”

ఆమె నవ్వింది. “గొలుసు పట్టుకుని పొలాల్లో తిరిగిన మనిషికి ఈ ఏసీ గదులు ఇరుకుగా లేవూ? పన్నెండేళ్ళ సర్వే అంటే మాటలా?”

జెముడు గుండె కుదుటపడింది. పొద్దుట్నుంచీ దివిటీలో దివిటీ వాడినవాళ్ళు ఈమె ఒక్కరే. సంగతంతా పొడిపొడిగా చెప్పాడు.

“నాకు ముందే తెలుసు,” అంది. “ఆ తమ్ముడే. సర్వర్లన్నీ వాడి చేతిలో. రెండుముప్పావుకి వాణ్ణి అరెస్ట్ చేయించండి. నేను ఇంజనీరమ్మని తీసుకుని ఎదురుగా కమిషన్ హాలుకి వెళ్తా.”

*

రెండుముప్పావుకి జెముడు సర్వర్ రూము తలుపు వేసి గడియ పెట్టాడు. జేబులో సంకెళ్ళు బరువుగా ఉన్నాయి.

“కూర్చో. ఒకే ప్రశ్న. నా గురించి పెద్దిల్లులో ఎందుకు వెతికావు?”

తమ్ముడు టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

“అక్కకి చెప్పకండి సార్. చంపేస్తుంది.”

“చెప్పను.”

“కావాలని కాదు. ఇంట్లో, మంచం మీద పడుకుని ఫోన్ తీశా. ఫోన్లో ముందే అదుంటుంది కదా సార్. వేళ్ళు వాటంతటవే పోయాయి. మార్చాలంటే సెట్టింగ్స్‌లో ఏడు మెట్లు దిగాలి. దిగుదాం దిగుదాం అనుకుంటూ ఆరేళ్ళయింది.”

“మీ అక్క?”

“అక్క మీ గురించి మన దాంట్లో వెతికితే మన లాగ్‌లో పడుతుంది. అది రాత్రికి చెరిగిపోతుంది గానీ, ఆలోగా కొత్తాయన్ని అనుమానిస్తోందని ఆఫీసంతా తెలిసిపోతుంది. అందుకని చాటుగా అక్కడ వెతికుంటుంది. పిన్నికైతే ఇంకోటి ఉందనే తెలీదు. నెట్ అంటే అదే అనుకుంటుంది. మేము ఇంత కష్టపడేది దీనికోసమే కదా సార్. మావాళ్ళే మమ్మల్ని వెతకరు.”

జెముడు సంకెళ్ళ మీంచి చెయ్యి తీశాడు. అబద్ధం ఇంత సిగ్గుపడదు.

అందరూ అలవాటుకొద్దీ పెద్దిల్లు తలుపే తట్టారు. ఒక్క మనిషి మాత్రం ఏడు మెట్లు దిగింది. ఎందుకు? పెద్దిల్లులో ఏది వెతికినా, ఎవరు, ఏ గంటకి, ఎక్కడ కూర్చుని వెతికారో రాసి దాచిపెడతారు. రేపు ఎవరైనా ఆ పుస్తకం తిప్పితే తన జాడ దొరకకూడదనుకునేది ఎవరు? ఆ పుస్తకం రాసేవాళ్ళ మనిషే.

“నిన్నూ మీ అక్కనీ అడక్కుండా దివిటీలోంచి పేజీలు తీసేయగలిగేది ఎవరు?”

“ఎవరూ తీయలేరు సార్. ఇద్దరి సంతకాలూ ఉండాలి. కోర్టు ఆర్డర్ అయితే తప్ప. ఫలానా పేజీ చూపించొద్దని కోర్టు చెబితే లీగల్ లిస్టులో ఎక్కిస్తారు. అది వెంటనే మాయం. మేము కూడా ఆపలేం, అది చట్టం...” తమ్ముడు చటుక్కున లేచాడు. “ఆ లిస్టు లాయరమ్మ గదిలో ఉంటుంది.”

రెండు యాభై ఆరు.

ఇద్దరూ పరిగెత్తారు. లాయరమ్మ గదికి తాళం.

“తాళంచెవి?”

“ఆవిడ దగ్గరే.”

“గోడ?”

“ప్లైవుడ్ సార్.”

“మరి దేవుడు కాళ్ళు దేనికిచ్చాడు?”

తమ్ముడు రెండు తన్నులు తన్నాడు. మూడోది జెముడు తన్నాడు. గోడ, దాని మీది క్యాలెండరు, రెండు సర్టిఫికెట్లు కలిసి లోపల పడ్డాయి. పిన్ని కౌంటర్ నుంచి కేక వేసింది: “ఒరేయ్, అది అద్దె బిల్డింగ్‌రా!”

కంప్యూటర్ ఇనప బీరువాలో ఉంది, బయటికి స్క్రీన్ ఒక్కటే. మూడు లక్షల అరవై వేల పేజీల లిస్టు. పంపడానికి ఒక నిమిషం పది సెకన్లు. ఆపడానికి వేలిముద్ర అడుగుతోంది. పక్కన బ్యాటరీ పచ్చగా మెరుస్తోంది, కరెంటు తీసినా ఆగదు.

“నెట్ వైరు!” అని తమ్ముడు బల్ల కింద దూరాడు. నీలం వైరు పట్టి లాగేశాడు. అంకెలు ఆగలేదు.

“ఇంకో దారి పెట్టింది సార్! ఇక్కడ ఇరవై వైర్లున్నాయి!”

ముప్పై రెండు. ముప్పై ఒకటి.

జెముడు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తొందరపడలేదు. వైర్లన్నీ ఒకటే బూడిదరంగు, పాముల పుట్టలా. పంతొమ్మిదింటి మీద ఆరేళ్ళ దుమ్ము మెత్తగా పేరుకుని ఉంది. గోడ వారగా పోతున్న ఒక్కదాని మీద దుమ్ము లేదు.

“కట్టర్.”

తమ్ముడు జేబులోంచి తీసిచ్చాడు. రెండు సెకన్లుండగా వైరు తెగింది. స్క్రీన్ మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి: పంపలేకపోయాం.

జెముడు గుండీ దగ్గర నోరు పెట్టి అన్నాడు. “వంకాయరంగు కోటు. హాల్లోనే ఉంది. పరీక్ష అయ్యేదాకా కదలనివ్వకండి.”

చెవిలో పెద్దాయన గొంతు పలికింది. “ఆమెనా?”

“ఆమే.”

*

నాలుగున్నరకి కమిషన్ హాల్లో ఫలితం చదివారు. వందలో దివిటీకి నలభై ఏడు. ఇంజనీరమ్మ కుర్చీలోంచి లేవలేదు. రెండు చేతులతో మొహం మూసుకుని అలాగే ఉండిపోయింది. తమ్ముడు ఆమె భుజం మీద చెయ్యేశాడు. “గెలిచామే అక్కా,” అన్నాడు. “గోడ ఒకటి పోయింది, తర్వాత చెబుతాలే.”

పక్కగదిలో లాయరమ్మ కాలు మీద కాలేసుకుని కూర్చుని ఉంది. ఎర్ర ఫైల్లో డిపార్ట్‌మెంట్‌కి ఇచ్చిన రిపోర్టుల నకళ్ళు, వాటి వెనక అవే రిపోర్టులు పెద్దిల్లుకి. బ్యాగులో చిన్న కట్టర్.

“మీ పెద్దాయన రెండేళ్ళు నమ్మాడు,” అంది. “మీరు ఒక్క పూటలో ఎలా పట్టారు?”

జెముడు తలుపు దగ్గర నిలబడి ఆలోచించాడు. అతనికి అంత పొడుగు మాటలు అలవాటు లేదు.

“ఈ దేశంలో దివిటీని మనస్ఫూర్తిగా వాడింది మీరొక్కరే మేడమ్.”

పోలీసులు ఆమెని లిఫ్ట్ దాకా నడిపించారు. వరండాలో ఇంజనీరమ్మ ఎదురొచ్చింది. జరిగినదంతా అప్పుడే తమ్ముడి నోట, జెముడు చివరన్న మాట తలుపు బయటి నుంచి విన్నట్టుంది, కళ్ళింకా ఎర్రగానే ఉన్నాయి. లిఫ్ట్ తలుపు మూసుకునేదాకా ఆ వంకాయరంగు కోటునే చూసి, జెముడు వైపు తిరిగింది.

“మంచిపనే చేశారు గానీ సార్,” అంది, “ఉన్న ఒక్క రెగ్యులర్ కస్టమర్‌నీ పట్టుకుపోతున్నారు కదా!”