సుగుణమ్మ గారి చారల మొక్క

యూనివర్సిటీ గేటు దగ్గర టియర్ గ్యాస్ పేలిన మధ్యాహ్నం, తార్నాకలో పౌలు మాస్టారింటి గోడ దూకి ఒకబ్బాయి మామిడిచెట్టు కింద పడ్డాడు. పడ్డవాడు కుళాయి దగ్గర మొహం కడుక్కుని వెళ్లొచ్చు కదా. అక్కడున్న తెల్లచారల ఆకుల మొక్కలోంచి పిలకలు పీకడం మొదలుపెట్టాడు.

"ఏంటండీ, మీ ఉద్యమం మా అమ్మ మొక్క మీదా?" వరండాలోంచి చీపురుతో వచ్చింది మాస్టారి కూతురు ఎవాంజెలిన్.

"బచాయిస్తున్న మేడమ్. చారల్లేని పచ్చ పిలకలు ఉంచితే చారలున్నవాటిని బతకనియ్యవు. నేను బాటనీ రీసెర్చ్. పేరు బాలస్వామి."

"గోడ దూకడం కూడా సిలబస్సేనా?"

ఎర్రబడ్డ కళ్లతోనే నవ్వాడు. ఆమె గుండె ఝల్లుమంది. చీపురు మాత్రం దించలేదు.

ఆ మొక్క ఎవాంజెలిన్ తల్లి సుగుణమ్మ భీమవరం పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. వీధిలో ఎవరడిగినా పిలక ఇవ్వదు. ఇంటి మనుషులకే ఇస్తుంది. పెద్దల్లుడికి కూడా పెళ్లయ్యాకే ఇచ్చింది. ఈ సంగతి ఎవాంజెలినే అతనికి నవ్వుతూ చెప్పింది.

ఆ తర్వాత బంద్ వచ్చినప్పుడల్లా మొక్క చూసే వంకతో బాలస్వామి వచ్చేవాడు, గోడ దూకి కాదు, గేటులోంచే. తొలకరికి కొత్త ఆకులన్నీ చారలతో విచ్చుకున్నాయి.

"తెలంగాణ వస్తే మమ్మల్ని పొమ్మంటారా?" ఒకరోజు అడిగేసింది ఎవాంజెలిన్.

"మీరు పోతే మొక్కకు ఎవరున్నరు?"

"మొక్క సంగతి అడగలేదు."

"నాకు ఎవరున్నరు?"

ఎవాంజెలిన్‌కి గంతులేయాలనిపించింది. అమ్మ ఏమంటుందోనన్న భయం వెంటనే పట్టుకుంది.

మర్నాడు జోరువానలో తడుస్తూ వచ్చి బాలస్వామి సుగుణమ్మ ముందు నిలబడ్డాడు. "అమ్మా, ఒక పిలక కావాలె."

తలుపు వెనక నుంచి ఎవాంజెలిన్ తొంగి చూసింది.

"అది ఎవరికిస్తానో తెలుసా బాబూ?"

"తెలిసే అడుగుతున్న."

సుగుణమ్మ భర్త వైపు చూసింది. పౌలు మాస్టారు పేపర్లోంచి తలెత్తలేదు. "వాన పడుతోంది. నాటుకోడానికి మంచి అదనే" అన్నారు.

సుగుణమ్మ కొంగు నెత్తిన వేసుకుని వెళ్లి, అన్నిటికన్నా వెడల్పు చారలున్న పిలకను మట్టితో సహా తవ్వి తెచ్చింది. "అమ్మాయ్, నువ్వే ఇవ్వు. ఎండ తగలనివ్వద్దని చెప్పు."

బాలస్వామి రెండు చేతులా అందుకున్నాడు.

"హాస్టల్లో ఎక్కడ నాటుతావు?" అంది ఎవాంజెలిన్.

"గాడ నీడ లేదు. చెట్టున్న ఇల్లు చూడాలె. నువ్వు గూడ వస్తవా చూడనీకి?"

"ఆగు, గొడుగు తెస్తాను" అంది.