పగకూడు

రాచగండి దుర్గపు ఉత్తర ద్వారం ఆనాడు సూర్యోదయానికే తెరుచుకుంది. ఉత్తరాది చక్రవర్తి పంపగా వచ్చి, ఎనిమిదేండ్లుగా ఈ కోటలో తిష్ఠ వేసి, ఈ కొండల గడ్డినీ ఈ మాగాణుల గింజలనూ మేసి మేసి బలిసిన పరదేశపు గుర్రపుదండు, తమ ఇంట సింహాసనం కోసం అన్నదమ్ములు కత్తులు దూసుకున్నారన్న కబురు రాగానే మూటాముల్లె సర్దుకొని బారులు బారులుగా గండి దిగిపోతుండగా, బురుజులెక్కి చూస్తున్న పురజనులకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పీడ విరగడైందని ఆడవాళ్లు గుమ్మాల ముందు కళ్లాపి చల్లారు. ఆ చేతులతోనే తలుపులకు అడ్డుగడియలు సరిచూసుకున్నారు. గుర్రాలు పోతే కొండలవాళ్లు ఊరుకుంటారా మరి!

ఊరుకోరు. ఎందుకు ఊరుకోవాలి? ఆ గుర్రాలకు మేత పెట్టమని మన్యపు గూడేల మీద పడి, పెట్టలేనివాళ్ల గుడిసెలకు నిప్పంటించింది ఎవరు? రాచగండి మహామంత్రి కేశయామాత్యుడు కాదూ? ఆ మంటల్లోంచి లేచినవాడే జోగన్న దొర. విల్లు పట్టగల మన్యపు మగవాడినల్లా వెంటబెట్టుకొని, కనుమ కనుమకూ కాపు కాసి, రాచగండి సేనను ఎనిమిదేండ్లూ నిద్రపోనీయని మనిషి. మంత్రికి మాత్రం ఆ యుద్ధం అమృతం. పరసేన కోటలో ఉన్నంత కాలం దాని నాయకుడైన సాహిణితో మంతనాలాడేది అతడు, దాని పేరు చెప్పి సభలో అందరి నోళ్లూ మూయించేది అతడు. ఆ సేన పోతే అతడి మాటకు విలువేముంది, మట్టిబెడ్డకున్నంత!

దండులో చివరి భాగం మాత్రం సాహిణితో సహా పున్నమిదాకా కోటలోనే నిలిచింది. ఆ లోగా కొండలతో సంధి కుదిరితే సరి, కుదరకపోతే రాణి అడిగిన మీదట తాము ఉండిపోతామని సాహిణి సెలవిచ్చాడు. రాణి మైలాంబ అడగదలచుకోలేదు. జోగన్న దొరకు సంధి కబురు పంపింది. దొర నుంచి మారుమాట వచ్చింది.

నిండు కొలువులో రాణి ఆ మాట వినిపించింది. "పెద్దలారా, సామంతులారా! జోగన్న దొర సంధికి సమ్మతించాడు. కొండలకు మేతపన్ను ఉండరాదన్నాడు, ఒప్పుకున్నాను. పరసేన పోవాలన్నాడు, అదీ ఒప్పుకున్నాను. మూడవది వారి ఆచారం. నెత్తురు పారిన చోట పగకూడు తినందే మన్యంలో పగ చల్లారదు. గాయపడినవాడు తన చేత్తో వడ్డించాలి, గాయం చేసినవాడు ఆ కూడు తినాలి. మన పక్షాన అందరికంటె పెద్ద గాయం ఎవరిదో వాడే వడ్డించాలన్నాడు దొర. పేరు కూడా చెప్పి పంపాడు."

పేరు చెప్పనక్కరలేదు. సభలోని కళ్లన్నీ దండనాయకుడు గొంకయ వైపే తిరిగాయి.

గొంకయ నాయకుడి ఒక్కగానొక్క కొడుకు ప్రోలయ అయిదేండ్ల కిందట సొరకొండ కనుమలో జోగన్న దొర మనుషుల చేతిలో కూలిపోయాడు. తండ్రికి చెప్పకుండా కొండెక్కిన ఆ పిల్లవాడి శవం వచ్చింది, కత్తి రాలేదు. కొడుకును కాల్చిన బూడిద ముందు నిలబడి, ఆ పగ తీరేదాకా సిగ ముడవనని గొంకయ ప్రతిన పట్టాడు. ఆనాటి నుంచీ నెరిసిన జుట్టు భుజాల మీద విరబోసుకొనే యుద్ధాలు చేశాడు, విరబోసుకొనే కొలువుకు వచ్చాడు. అట్టివాడిని పట్టుకొని శత్రువుకు అన్నం వడ్డించమంటే ఏ తండ్రికి గుండె మండదు చెప్పండి!

"ఏలికసానీ!" అని లేచాడు గొంకయ. "తమరు అగ్నిలో దూకమంటే దూకుతాను. ఎందుకని అడగను. కాని నా బిడ్డను తిన్నవాడి నోటికి ఈ చేత్తో కూడు అందించమంటారా? ఈ చెయ్యి అంతకంటె నరికించండి!"

"నాయకా, నీ బిడ్డను నేను తెచ్చి ఇయ్యలేను" అంది రాణి. ఆమె కళ్లలో నీళ్లు నిలిచాయి, మాట మాత్రం తొణకలేదు. "నీ బిడ్డ వయసు బిడ్డలు ఈ కోటలోనూ ఆ కొండల్లోనూ ఇంకా మిగిలి ఉన్నారు. వాళ్ల తల్లుల పక్షాన అడుగుతున్నాను. నా అతిథికి హాని జరగదని నేను మాట ఇచ్చాను. ఆ మాట ఇప్పుడు నీ చేతిలో ఉంది."

గొంకయ "ఏలికసాని మాట కాదనను" అని, నమస్కరించి వెళ్లిపోయాడు.

మరునాటి మధ్యాహ్నం ఆయుధశాలలో ఒంటరిగా కూర్చున్న గొంకయ దగ్గరికి కేశయామాత్యుడు వచ్చాడు. వెనక అడపం మోసే చౌడడు. ఆకువక్క లేనిదే అమాత్యులవారికి ఆలోచన సాగదు. చౌడణ్ణి గుమ్మం అవతల నిలబెట్టి, అరువు తెచ్చుకున్న జాలితో మొదలుపెట్టాడు మహానుభావుడు.

"నాయకా, రాణిగారిది ఆడమనసు. నీది కన్నకడుపు. నీ కోత నాకు తెలుసు. నీవు వడ్డించు, చాలు. కొర్రన్నం మీద పోసే నేతిలో నాభి విషం కలిపి ఉంటుంది. తిన్నవాడికి ముందు నాలుక మొద్దుబారుతుంది, జాము తిరిగేలోగా గుండె ఆగుతుంది. వాడు గూడెం చేరేలోగా దారిలోనే పోతాడు. నీ పగ తీరుతుంది, నీ సిగ ముడిపడుతుంది. నిన్ను వేలెత్తి చూపేవాడుండడు."

గొంకయ కాదనవలసింది. రాణి మాట తన చేతిలో ఉందని నిన్ననే విన్నవాడు, మంత్రి మెడ పట్టి బయటికి గెంటవలసింది. గెంటలేదు. దాచి లాభమేమి, ఒప్పుకున్నాడు. అయిదేండ్లుగా కడుపులో కుతకుత ఉడుకుతున్న పగ ఆ క్షణాన అతడి నోట "కానీ" అనిపించింది. మంత్రి పైకి దిగులు మొహం పెట్టుకొని, లోలోపల చంకలు గుద్దుకుంటూ వెళ్లిపోయాడు. దొర చస్తే కొండలు భగ్గుమంటాయి, కొండలు మండితే సాహిణి కదలడు, సాహిణి కదలకపోతే మంత్రి పంట పండినట్టే.

పున్నమినాటి ఉదయం, గండి దిగువన ఏటి ఇసుకలో ఇరుపక్షాలూ చేరాయి. ఒకవైపు రాణి, మంత్రి, సామంతులు. వారికి ఎడంగా గుర్రం మీద సాహిణి, అతడి వెనక మిగిలిన దండు. ఎదుట జోగన్న దొర, అతడి వెంట విల్లంబులు లేకుండా వచ్చిన మన్యపు జనం, ఆడవాళ్లూ పసిపిల్లలూ సహా. నడుమ పరిచిన అడ్డాకు విస్తరి, పక్కన నేతి వాసన ఘుమఘుమలాడే రాగి పాత్ర. పాత్ర పట్టుకొని, జుట్టు విరబోసుకొని గొంకయ నాయకుడు నిలబడ్డాడు. దొర వచ్చి విస్తరి ముందు కూర్చున్నాడు. నడివయసు మనిషి. ఎడమ చెంప నిండా కాలిన మచ్చ.

"నాయకా, ఆగు" అన్నాడు దొర. "కూడు కంటె ముందు చావుమాట. నీ బిడ్డ ఎలా చచ్చాడో దాచకుండా నేను చెప్పాలి. చెప్పకుండా తింటే ఆ కూడు నాకు పురుగులన్నం."

అదిగో, అక్కడే దెబ్బతిన్నాడు కేశయామాత్యుడు! పగకూడంటే వడ్డన ఒక్కటే అనుకున్నాడు. ఎనిమిదేండ్లు కొండలను పిండుకు తిన్నవాడు ఆ కొండలవాళ్ల ఆచారం ఏమిటని ఒక్కనాడూ అడిగిన పాపాన పోలేదు.

దొర చేయి చాచగా, వెనకనున్న ముసలమ్మ జింకతోలు మూట ఒకటి తెచ్చి ఇచ్చింది. అతడు దాన్ని విప్పి, గొంకయ కాళ్ల దగ్గర పెట్టాడు. ఒరలో ఉన్న కత్తి. పిడికీ ఒరకీ కలిపి నారతాటితో బిగించి కట్టిన ముడి. అయిదేండ్ల నాటి ముడి, చెక్కుచెదరలేదు.

"ఒరముడి వేసుకొని కొండ ఎక్కినవాడు మాటకు వచ్చినవాడు. వాణ్ణి మేం ముట్టుకోం. నీ బిడ్డా, వాడి వెంట వచ్చినవాళ్లూ అందరూ ఒరముడులతోనే వచ్చారు నాయకా. సంధి మాటాడడానికే వచ్చారు. కాని అంతకు ముందురోజు కోటనుంచి మాకొక కబురు వచ్చింది. దండనాయకుడి కొడుకు గూడెం కాల్చడానికి వస్తున్నాడు, ఫలానా కనుమ దాటుతాడు, కాచుకోండి అని. మునిమాపు వేళ, జోరువాన. పైనుంచి బాణాలు వేశాం. దిగి వచ్చి, శవాల మీద చెయ్యి వేసినప్పుడు కదా ముళ్లు తగిలాయి! తప్పు నాది. ముడి చూడకుండా విల్లు వంచాను. ఆ రాత్రి నుంచీ ఈ కత్తి నా గుడిసెలో వేలాడుతూనే ఉంది, నన్ను నిద్రపోనిచ్చింది లేదు."

గొంకయ వంగి చూశాడు. ఆ ముడి ప్రోలయ వేసినదే. చిన్నతనంలో దూడకు పలుపు కట్టడం నేర్పినప్పుడు తాను నేర్పిన ముడి, ఎడమచేతి వాటపు పిల్లవాడు కాబట్టి తిరగవేసి కట్టిన ముడి.

"కబురు తెచ్చినవాడెవడు?" అన్నాడు.

"వచ్చినప్పుడే గుర్తుపట్టాను. ఆ అయ్యవారి వెనక అడపం పట్టుకొని నిలబడ్డాడు."

చౌడడి చేతిలోని అడపం జారి ఇసుకలో పడింది. వాడు పరుగెత్తబోతే భటులు రెక్కలు విరిచి పట్టారు. "నన్ను చంపకండి బాబో! అయ్యవారు పంపితేనే వెళ్లాను! చిన్ననాయకుడు సంధి చేసుకొస్తే గుర్రాలు వెళ్లిపోతాయని అయ్యవారే అన్నారు!" అని బావురుమన్నాడు. కేశయామాత్యుడి మొహాన కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు.

గొంకయ ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాడు. తెరిచేసరికి ఆ కళ్లు చింతనిప్పులయ్యాయి. పాత్ర పట్టుకొని, దొర విస్తరి దాటి, తిన్నగా మంత్రి ముందుకు నడిచాడు.

"దొరా, మీ ఆచారం మళ్లీ ఒకసారి చెప్పు. గాయం చేసినవాడికే కదా నేను వడ్డించవలసింది?"

"అవును" అన్నాడు దొర.

"అమాత్యా, కూర్చోండి. తమరి కూడు ఇది."

"నాయకా... ఇదేం అపచారం... నేను బయట తినను..." అని మంత్రి వెనకడుగు వేశాడు.

"తింటారు. తినకపోతే ఇందులో ఏముందో ఏలికసానికి చెప్పండి. చెప్పరా? నేను చెబుతాను." రాణి వైపు తిరిగాడు. "ఏలికసానీ! ఈ నేతిలో నాభి ఉంది. కలిపించింది ఇతడు. ఒప్పుకున్నది నేను. తమరి మాట నా చేతిలో పెడితే, ఆ మాటకు విషం పూసి అతిథికి వడ్డించబోయాను. ఇతడి పాపంలో నాకూ పాలుంది. కాబట్టి నాకూ ఈ పాత్రలోదే కూడు."

రాణి "గొంకయా, వద్దు!" అని అరిచేలోగా అతడు గుప్పెడు ముద్ద తన నోట్లో పెట్టుకొని మింగేశాడు. రెండవ గుప్పెడు తీసి, మంత్రి జుట్టు ఒడిసి పట్టి, "నా ప్రోలయ పేర!" అంటూ గొంతు దాకా కుక్కాడు. మంత్రి గిలగిల తన్నుకున్నాడు. ఎవరూ కదలలేదు. ఎందుకు కదులుతారు? చావనీ!

సాహిణి కత్తి సగం దూశాడు. కాని ఏటి ఇసుకలో కోట జనమూ కొండ జనమూ ఒక్క గోడై అతడి ముందు నిలబడ్డారు. సాహిణి వాళ్లను చూశాడు, నేల మీద పొర్లుతున్న తన మిత్రుణ్ణి చూశాడు, కత్తి ఒరలోకి నెట్టి గుర్రాన్ని ఉత్తరానికి తిప్పాడు. చివరి దండు అట్నుంచి అటే కోట గడప తొక్కకుండా పోయింది.

గొంకయ ఏటిలో మోచేతుల దాకా చేతులు కడుక్కున్నాడు. మన్యపు ముసలమ్మను అడిగి, ఆమె కుండలోని జావ దొప్పలోకి ఒంచుకొని, తూలుతూ వచ్చి దొర ముందు మోకరిల్లాడు.

"నాలుక మొద్దుబారుతోంది, త్వరగా తిను దొరా. నీవు వేసిన బాణానికి ఇది నా వడ్డన. దీంతో మనకు చెల్లు."

జోగన్న దొర వెక్కి వెక్కి ఏడుస్తూ ఆ జావ తాగాడు. మన్యపు జనమంతా ఒక్క గొంతుతో పగ చల్లారిందని పలికారు. రాణి వచ్చి గొంకయ తలను తన ఒడిలోకి తీసుకుంది.

"ఏలికసానీ, ఆ కత్తి ముడి విప్పకండి. అలాగే నాతో కాల్చండి" అన్నాడు. మాట ముద్దముద్దగా వస్తోంది. తర్వాత దొర వైపు చూసి, విరబోసిన జుట్టును చేత్తో తడుముకున్నాడు. "పగ తీరింది. నాకు చేతులు ఆడడం లేదు. నీవే ముడి వేయి."

దొర తన తలపాగా చింపి పీలిక తీశాడు. నెరిసిన ఆ జుట్టును పోగు చేసి, ఇసుక దులిపి, సిగ చుట్టి బిగించాడు. "వేశాను నాయకా" అని చెప్పాడు. గొంకయ అప్పటికే వినడం మానేశాడు.