ఆరని చుక్క

సైంటిస్టు కాఫీ తాగుతూ చనిపోయాడు. కప్పులో ఇంకా సగం ఉంది.

"యుద్ధం ఆగకూడదనుకునే ముఠా పనే," అన్నాడు చీఫ్. "ఈ విషం మామూలు టెస్టులకి దొరకదు. పట్టగలిగేది ఆయన చిప్ ఒక్కటే. ఇవాళ కాల్పుల విరమణ సంతకాలు. రెండు దేశాల పెద్దలూ ఒకే బల్ల దగ్గర. ఒక్కరు కూలినా మళ్లీ యుద్ధమే. అక్కడికి వెళ్లే నీళ్లు ముందు చిప్ మీద చూడాలి."

"చూసేదెవరు?" అడిగింది ఏజెంట్.

"ఆయన అసిస్టెంటు. మీ తోడికోడలు."

ఇంట్లోవాళ్ల లెక్కలో ఏజెంట్ ఏదో ఆఫీసులో ఫైళ్లు సర్దుకునే మనిషి.

సంతకాల హాలు పక్క గదిలోకి ఆమె కేటరింగ్ ఏప్రన్‌తో అడుగుపెట్టింది. ల్యాబ్ కోటులో కూడా పెళ్లికి వచ్చినట్టుండే తోడికోడలు తెల్లబోయింది.

"అక్కా! ఇదేం వేషం?"

"మనుషులు తక్కువయ్యారని ఇక్కడికి తోశారు."

"ఫైళ్లయిపోయి పళ్లేలా? బాగుంది ప్రమోషన్!"

గోరంత చిప్. దాని మీద ఒకే పరమాణువు మందాన గ్రాఫీన్ అనే కార్బన్ పొర, కంటికి ఆనని రింగుల మెటామెటీరియల్. టెరాహెర్ట్జ్ తరంగాలు పంపితే స్క్రీన్ మీద గీత ఒకచోట లోయలా దిగుతుంది. పిసరంత విషం అంటినా ఆ లోయ పక్కకి జరుగుతుంది.

తోడికోడలు జగ్గులోంచి ఒక చుక్క తీసి చిప్ మీద వేసి మూత పెట్టింది. "చూడు, ఏం లేదు. క్లియర్." పచ్చ బటన్ నొక్కింది. జగ్గులు హాల్లోకి కదిలాయి.

లోయ జరగకపోవడం కాదు, అసలు లోయే లేదు. చీఫ్ చూపించిన వీడియోలో సైంటిస్టు ప్రతి చుక్కనీ నైట్రోజన్ ఊది ఆరబెట్టాడు. నీళ్లు ఆ తరంగాల్ని మింగేస్తాయట. తడి మీద చూడటం గుడ్డివాడికి అద్దం చూపించడమేనట.

"ఆరబెట్టలేదేం?"

"తొందరలో మర్చిపోయానక్కా."

ఏళ్ల తరబడి చేసిన పని చెయ్యి దానంతటదే చేసుకుపోతుంది. చెయ్యకుండా ఆపాలంటేనే మనసు పెట్టాలి.

ఏజెంట్ మూత తెరిచి, నైట్రోజన్ ట్యూబు అందుకుని ఊదింది. చుక్క ఆరింది. లోయ దిగింది, ఉండాల్సిన చోటుకి బాగా ఎడంగా.

"పాలు పొంగాయి!" అని ఏప్రన్ గుండీలోని మైకులో సంకేతం చెప్పింది.

అద్దం అవతల, హాల్లో తమ అధ్యక్షుడి గ్లాసు పెదవి దాకా వెళ్లింది. వెయిటర్ వేషంలో ఉన్న చీఫ్ మనిషి కాలు తట్టుకున్నట్టు ఆయన మీద పడ్డాడు. గ్లాసు నేలమీద భళ్లుమంది.

తోడికోడలు తలుపు వైపు పరిగెత్తింది. ఏజెంట్ ఆమె మణికట్టు దొరకబుచ్చుకుని సంకెళ్లు వేసింది.

"సార్ కాఫీలో కలిపింది కూడా నువ్వేనా?"

"ఊఁ. అందిస్తే, 'థాంక్సమ్మా' అన్నారు." ఆమె తల ఎత్తలేదు. "మా ఆయనకి ఏం చెప్తావక్కా?"

గార్డులు తోడికోడల్ని తీసుకెళ్లిపోయారు. ఏజెంట్ ఫోన్ మోగింది. అత్తగారు.

"భోజనానికి ఇద్దరూ వస్తున్నారా?"

"నేనొక్కదాన్నే అత్తయ్యా. తనకి... పనుంది."

"పాపం, దానికెప్పుడూ పనే. నీలా తీరుబడి ఉద్యోగమా ఏమన్నానా!"