మూడు వారాల తలుపు

దండెం మీంచి తెచ్చిన బట్టలు మడతపెడుతోంది టీచరు. ఆదివారం సాయంత్రం, బయట వాన మొదలయ్యేలా ఉంది. గుమ్మం దగ్గర బూట్ల చప్పుడు వినగానే, మడిచిన దుప్పటినే విప్పి మళ్ళీ మడిచింది.

వచ్చింది వెనక వీధిలో వాచీలు బాగుచేసే అతను. లోపలికి అడుగుపెట్టాడో లేదో, వెనకే తలుపు గాలికి ధడాలున పడి గడియ పట్టేసింది.

"ఆ తలుపొకటి! బయటికెళ్తే మళ్ళీ లోపలివాళ్ళు తీస్తేగానీ రాలేం," అని విసుక్కుంది టీచరు వాళ్ళ నాయనమ్మ.

అతను బూట్లు విప్పుతూ, "పదండి టీచరుగారూ, రోబో ఎదురుచూస్తుంటాడు. మా అమ్మ కూడా అడుగుతోంది, ఆటలో ఆ తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందని," అన్నాడు.

"ఆవిడకీ ఈ ఆట పిచ్చేనా?"

"కాదు. అది తెరుచుకున్న రోజు అమ్మని మీ ఇంటికి తీసుకొస్తానన్నాను."

ఆటలో ఆఖరి గది చూడ్డానికేమో అనుకుంది టీచరు.

ఆ కంప్యూటరు ఆటలో ఒక అంతరిక్ష నౌక. గదులూడ్చే రోబో, ప్రతిదానికీ అలిగే ముళ్ళమొక్క కెప్టెను. కనిపించిన వస్తువునల్లా మౌస్‌తో నొక్కి, ఏది దేనికి పనికొస్తుందో కనిపెట్టాలి. మూడు వారాలుగా వీళ్ళిద్దరూ ఒకే తలుపు దగ్గర ఆగిపోయారు. రోబో బయటున్న నూనె డబ్బా తేవాలి. బయటికెళ్తే తలుపు మూసుకుపోతుంది, ఇక లోపలికి రాలేడు. అది దాటితే మిగిలింది ఒక్క గదే. ఒకరు లేకుండా ఒకరు ఆడకూడదని మొదటిరోజే ఒట్టు పెట్టుకున్నారు.

"చీపురు అడ్డం పెడదామా?" అన్నాడతను.

"పోయినవారమే పెట్టాం. విరిగింది."

"పోనీ, కెప్టెన్ని?"

"మళ్ళీ అలుగుతాడు. వాచీల డాక్టరుగారికి అంతకంటే తట్టదా?" నవ్వింది గానీ, అతని వైపు చూడలేదు.

మంచం మీంచి నాయనమ్మ అందుకుంది. "అదేంటే, బుధవారమే తీశావుగా! చప్పట్లు కూడా కొట్టుకున్నావు!"

టీచరు ఒళ్ళోకి ఒక తువ్వాలు లాక్కుని మడతపెట్టసాగింది.

ఏ రోజు ఎక్కడిదాకా ఆడారో కంప్యూటరు దాచిన జాబితా తెరిచాడతను. బుధవారం తేదీ ఉంది. నొక్కితే ఆ రోజు ఆడింది మళ్ళీ నడిచింది. తెర మీద రోబో తన ఎడమ బూటు విప్పి తలుపు సందులో పెట్టి, ఒంటి బూటుతో గెంతుకుంటూ వెళ్ళి నూనె డబ్బా తెచ్చుకున్నాడు.

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టారన్నమాట!"

"మా తలుపు చూస్తుంటే తట్టింది. ఆగలేకపోయాను."

"మరి ఇందాక నేను చీపురంటే చెప్పలేదేం?"

"చెబితే ఆట అయిపోతుందిగా."

"అయిపోతే?"

ఒళ్ళో తువ్వాలు మడత విప్పింది. "అయిపోతే మీకిక్కడేం పని? ఎందుకొస్తారు?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. లేచి గుమ్మం దగ్గరికి నడిచాడు. కోపమొచ్చిందనుకుంది టీచరు.

"వానొస్తోందబ్బాయ్, ఎక్కడికీ?" అంది నాయనమ్మ.

అతను కుడి బూటు తొడుక్కుని లేసు బిగించాడు. ఎడమది చేత్తో పట్టుకుని, ఒక్క క్షణం టీచరు వైపు చూసి, దాన్ని తలుపు సందులో పెట్టాడు.

తలుపు గాలికి విసురుగా వచ్చి బూటుకు తగిలి ఆగింది. అప్పటికే అతను ఒంటి బూటుతో గెంతుకుంటూ, వాళ్ళమ్మ ఉన్న వెనక వీధి వైపు వానలో వెళ్ళిపోతున్నాడు.